నాగలక్ష్మమ్మ మోకాలి నొప్పి

కడపలో నాపరాళ్ళ వ్యాపారం చేసే ఓబుళేశు గారి ఇంట్లో ఎవరికీ ఏ దురలవాటూ లేదని ముందుగా మనవి చేసుకోవాలి. ఓబుళేశు గారు తాగరు. కొడుకు శ్రీకాంత్ వక్కపొడి కూడా ముట్టడు. ఓబుళేశు గారి అన్న తిమ్మయ్య గారు మద్య వ్యతిరేక సభలకు ఇప్పటికి నలభైసార్లు అధ్యక్షత వహించారు. ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళలో కొందరు తాగుడు మానేశారు, ఎక్కువమంది సభలకు రావడం మానేశారు. ఇక ఓబుళేశు గారి భార్య నాగలక్ష్మమ్మ రోజుకు నాలుగు నిద్రమాత్రలు వేసుకుంటుంది. దాన్ని అలవాటు అనరు. మందు అంటారు.

మందు అనే మాటకు మన దగ్గర రెండర్థాలున్న సంగతి పాఠకులకు తెలుసు. సీసాలోది తాగితే పరువు పోతుంది. అట్టలోది మింగితే ఆరోగ్యం వస్తుంది.

పదకొండేళ్ళ కిందట ఆమెకు గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టడం లేదంటే డాక్టరు పదిహేను రోజులకని రాత్రికి అర మాత్ర రాసిచ్చాడు. ఆ చీటీ మీద పదిహేను అనే అంకె ఇప్పటికీ స్పష్టంగానే ఉంది, చదివినవాళ్ళే లేరు. మందుల షాపు కంబన్న మర్యాదస్తుడు. పెద్దింటి ఆడవాళ్ళను చీటీ అడగడం ఆయన దృష్టిలో అమర్యాద. అందుచేత అర మాత్ర ఒకటయింది. తల బరువుగా ఉందని మధ్యాహ్నం ఇంకొకటి చేరింది. మాత్ర మత్తు దిగిపోయేటప్పుడు వచ్చే గుండెదడకు మూడోది, ఆ మూడూ చాలనప్పుడు నాలుగోది.

ఈ పదకొండేళ్ళలో నాగలక్ష్మమ్మ ఎవరితోనూ గొడవ పడలేదు. గొంతు పెంచలేదు. ఎవరేమన్నా తల ఊపి, టీవీ ముందు కూర్చునేది. టీవీ ఆపేసి ఉన్నా కూర్చునేది. బంధువుల్లో ఆమెకు శాంతమూర్తి అని పేరు వచ్చింది. శ్రీకాంత్‌కు సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళకు తిమ్మయ్య గారు ఆమెను చూపించి, "మా ఇంట్లో ఆడోళ్ళు ఇట్లుంటారు" అని గర్వంగా చెప్పారు కూడా.

అలా వచ్చిన కోడలు సాహితి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె కూతురు శివానికి నాలుగేళ్ళు. సాహితి కాలేజీకి పోయినప్పుడు పాప నాయనమ్మ దగ్గరే ఉంటుంది. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం నాగలక్ష్మమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోగా ఒక్క నిమిషమని కుర్చీలో కూర్చుంది. కళ్ళు తెరిచేసరికి ఇల్లంతా పొగ. గిన్నె నల్లగా మాడిపోయింది. శివాని చిన్న స్టూలు లాక్కుని ఎక్కి, దగ్గుతూ, పొయ్యి ఆపడానికి చెయ్యి చాస్తోంది. ఫ్రాకు అంచు అంటుకుంది. నాగలక్ష్మమ్మ ఉత్త చేతులతోనే దాన్ని నలిపి ఆర్పింది. అంచు రెండు వేళ్ళ మేర కాలింది, పాపకు ఏమీ కాలేదు.

సాహితి కాలేజీ నుంచి వచ్చేసరికి అత్త ఆ ఫ్రాకు ఒళ్ళో పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. జరిగిందంతా తనే చెప్పింది. ఒక్క మాట కూడా దాచలేదు.

"నేను ఈ మాత్రలు మానుకోవల్ల సాహితీ. బిడ్డ కాలిపోయుండేది. యాడన్నా డాక్టరుంటే నన్ను తీసకపో" అంది.

సాహితి రెండు రోజుల్లో కనుక్కుంది. ఊళ్ళోని పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది. మత్తుమాత్రలు అలవాటైనవాళ్ళను ఆసుపత్రిలో ఉంచకుండా, వారంవారం రప్పించి, మందు మెల్లగా తగ్గిస్తారు. ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు.

ఇంత తేలికగా తేలిపోయే విషయాలను తేల్చడానికే మన పెద్దమనుషులు ఉన్నారు. ఆదివారం పొద్దున టిఫిన్ల తర్వాత కుటుంబ సమావేశం ఏర్పాటయింది. తిమ్మయ్య గారు అధ్యక్షత వహించారు. కాఫీలు పెట్టమని రోగిని వంటింట్లోకి పంపారు.

"ఒరే ఓబుళేశూ, ఒక మాట చెప్తా ఇను. మన వంశంలో ఇంతవరకూ పిచ్చాసుపత్రి మెట్లెక్కినోళ్ళు లేరు. కార్పొరేటర్ టిక్కెట్టుకు నీ పేరు పైకి పోయే టైములో ఇదేం కర్మరా?"

"పిచ్చాసుపత్రి గాదు పెదమామా, ఓపీ. పొద్దున పోయి మధ్యాన్నానికి ఇంటికొచ్చేస్తాం" అంది సాహితి.

"అది ఇంకా కష్టం తల్లీ! లోపల పెట్టుకుంటే ఒకసారి పోతే సరిపాయ. ఓపీ అంటే వారంవారం పోవల్ల. వారంవారం జనాలు చూస్తారు."

సభ ఈ వాదనలోని బలాన్ని గుర్తించింది. చర్చ తర్వాత ఏకగ్రీవంగా తీర్మానించినది ఏమంటే: వైద్యశాలకు బోర్డు ఉండకూడదు. ఉంటే దానికి చెట్టు అడ్డం ఉండాలి. డాక్టరు మనకు బాగా తెలిసినవాడై ఉండాలి, కానీ మనం ఎవరమో ఆయనకు తెలియకూడదు. రోగి పేరు ఎక్కడా రాయకూడదు. వైద్యం ఎలా చేస్తారన్న అంశం సమయాభావం వల్ల చర్చకు రాలేదు.

ఎంపిక బాధ్యత మొదట శ్రీకాంత్‌కు అప్పగించారు. అతను ఫోనులో చూసి, ఊరి బయట ఎక్కువ నక్షత్రాలున్న ఒక కేంద్రాన్ని పట్టుకున్నాడు. అక్కడ చికిత్స పొందినవారంతా చట్నీ బాగుందని రాశారు. అందరూ కారులో పోయి చూశారు. మేనేజరు చల్లటి హాలు, చేపల తొట్టి, గోడ మీద జలపాతం చూపించాడు.

"డాక్టరు రోజూ ఉంటారా?" అని సాహితి అడిగింది.

"జనరేటర్ రోజంతా ఉంటుంది మేడమ్" అని ఆయన హామీ ఇచ్చాడు.

ఓపీ పద్ధతి తమ దగ్గర లేదని, మూడు వారాలు తాళం వేసి ఉంచుతామని, తాళాలు నాణ్యమైనవని కూడా చెప్పాడు. మిగతావాళ్ళు తాళాలు చూస్తుండగా, నాగలక్ష్మమ్మ వరండాలో నిలబడింది. కిటికీ ఊచల వెనక నుంచి ఒక బక్కమనిషి పలకరించాడు.

"ఏమక్కా, ఎవుర్ని వదిలిపెట్టేదానికొచ్చినారు? మీ ఇంటాయననా, కొడుకునా?"

"నన్నేనప్పా."

అతను ఆమె పట్టుచీరను, నుదుటి కుంకుమను చూసి పగలబడి నవ్వాడు. "తమాసాకు అంటాండావులే అక్కా!" అన్నాడు.

బోర్డుకు చెట్టు అడ్డం లేదని ఆ కేంద్రాన్ని వదిలేశారు. నాలుగు రోజుల తర్వాత తిమ్మయ్య గారే మార్గం కనుక్కున్నారు. సంకల్పరత్న బిరుదాంకితుడు చెన్నకేశవులు అనే వక్త కడపలో ఒక కల్యాణమండపంలో 'ఒక్క రోజులో మత్తు విముక్తి' శిబిరం నడపబోతున్నాడు. సభాధ్యక్షుడు తిమ్మయ్య గారే. కాబట్టి నాగలక్ష్మమ్మ రోగిగా పోనక్కరలేదు. జ్యోతి వెలిగించడానికి పోవచ్చు. వేదిక మీద కూర్చుని వైద్యం పొందవచ్చు. ఇంతకన్నా గౌరవప్రదమైన చికిత్స వైద్యచరిత్రలో లేదు.

సభకు మూడు వందలమంది వచ్చారు. అందులో రెండు వందల ఎనభైమంది హాజరు కోసం పంపించిన విద్యార్థులు. చెన్నకేశవులు చేతిలో మైకు పట్టుకుని వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాడు.

"మత్తు ఎక్కడుంది? మందులో లేదు, మనసులో ఉంది! మనసు గట్టిదైతే మాత్ర ఏం చేస్తుంది? వదిలెయ్! ఇప్పుడే వదిలెయ్! ఈ క్షణమే వదిలెయ్!"

వేదిక ముందు పెద్ద ఇత్తడి గంగాళం పెట్టారు. అందరూ తమ దురలవాటును అందులో పడేయాలి. విద్యార్థులకు దురలవాట్లు చాలినన్ని లేనందున, గుమ్మం దగ్గరే తలా ఒక బీడీకట్ట ఇచ్చి లోపలికి పంపారు. అందరూ వేశాక నాగలక్ష్మమ్మ లేచి, చేతిసంచిలోంచి తన దగ్గరున్న అట్టలన్నీ తీసి గంగాళంలో వేసింది. ఆ రోజు ఆ హాలులో తన సొంత సొత్తు పడేసింది ఆమె ఒక్కతే. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. కింద 'బీడీలపై కన్నెర్ర చేసిన మహిళాశక్తి' అని రాశారు.

ఆమె నిజంగానే మానేసింది. ఆమె మాట మీద నిలబడే మనిషన్న సంగతి పదకొండేళ్ళుగా ఎవరూ గమనించలేదు. మొదటి రోజు కన్ను మూత పడలేదు. రెండో రోజు చేతులు వణికాయి. చర్మం కింద చీమలు పాకినట్టు ఉందని, కొళాయిలో నీళ్ళు పడే చప్పుడు నెత్తిన సుత్తితో కొట్టినట్టు ఉందని చెప్పింది. సాహితి డాక్టరు దగ్గరికి పోదామంది. తిమ్మయ్య గారు ఫోనులోనే పరీక్షించి వద్దన్నారు.

"వణికేది మంచిదే తల్లీ. లోపలుండే చెడు బయటికి పోతాండాది. సంకల్పం గట్టిగా పట్టుకోమను."

మూడో రోజు పొద్దున సాహితి కాలేజీకి పోయాక, శివానికి జడ వేస్తూ వేస్తూ నాగలక్ష్మమ్మ ఆగిపోయింది. చెయ్యి కొయ్యబారింది. పక్కకు పడిపోయి గిలగిలా కొట్టుకుంది. నోట్లోంచి నురుగు, నురుగులో నెత్తురు. సగం జడతో శివాని వీధిలోకి పరుగెత్తి, దొరికిన మొదటి మనిషి చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రికి చేర్చారు. అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు చిన్న వయసు అమ్మాయి. "ఈమె ఏమైనా మందులు వాడతారా?" అని అడిగింది.

"ఏం లేవు డాక్టర్. ఆరోగ్యం మనిషి" అన్నాడు ఓబుళేశు.

"బీపీకి, ఫిట్స్‌కి, నిద్రకి... దేనికైనా? ఈ మధ్య ఏదైనా ఆపేశారా?"

"మా ఇంట్లో అట్లాంటివి లేవమ్మా" అన్నారు తిమ్మయ్య గారు. "ఎండదెబ్బయ్యుంటాది. మా ఇంటి గురించి యాడైనా అడిగి చూడండి."

నాగలక్ష్మమ్మకు రెండోసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టరు మూడోసారి అదే ప్రశ్న వేసింది. ఓబుళేశు భార్య మొహం చూశాడు, చుట్టూ ఉన్న నర్సులను చూశాడు, స్ట్రెచర్ తోసేవాణ్ణి చూశాడు. అతను తమ వార్డు ఓటరు. ఓబుళేశు నోరు తెరిచి, మళ్ళీ మూశాడు.

అప్పుడే సాహితి పరుగున వచ్చింది. చేతివేళ్ళకు ఇంకా సుద్దముక్క పొడి ఉంది.

"నిద్రమాత్రలు. రోజుకు నాలుగు. పదకొండేండ్ల నుంచి. మూడు దినాల ముందర ఒక్కసారిగా ఆపేసినారు" అంది.

డాక్టరు ఎవరి వైపూ చూడలేదు. నర్సుకు మందు పేరు చెప్పింది. ఏ జాతి మందునైతే సంకల్పబలంతో గంగాళంలో పడేసిందో, ఆ జాతి మందునే సూదిలో ఎక్కిస్తే ఆమె శరీరం నెమ్మదించింది. తర్వాత డాక్టరు బయటికి వచ్చి, "ఇన్నేళ్ళు వాడిన మందును ఒక్కసారిగా ఆపితే ప్రాణం పోవచ్చు. డాక్టరు చూస్తుండగా నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. మొదటిసారి అడిగినప్పుడే చెప్పి ఉంటే రెండోసారి ఫిట్స్ వచ్చేవి కావేమో" అంది.

తిమ్మయ్య గారు సమయానుకూలంగా సెల్‌ఫోను తీసి పక్కకు వెళ్ళారు.

ఐదు రోజుల తర్వాత ఇంటికి పంపుతూ, మానసిక వైద్యుల ఓపీలో చూపించమని రాసిచ్చారు. మళ్ళీ సమావేశం. ఈసారి రోగిని మంచం మీదే ఉంచి, పక్క గదిలో జరిపారు. పెద్దాసుపత్రి మాట సాహితి మళ్ళీ ఎత్తింది, మళ్ళీ వీగిపోయింది. ఆఖరుకు కర్నూలులో ఒక క్లినిక్ ఖాయమైంది. దాని సుగుణం ఏమిటంటే, అది కర్నూలులో ఉంది. కడప నుంచి నాలుగు గంటల ప్రయాణం. అంత దూరం పోయి మనల్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఇరుగుపొరుగుకు మోకాలి నొప్పి అని చెప్పాలనీ, ఏ మోకాలని ఎవరైనా అడిగితే తడుముకోకూడదు గనుక అది కుడి మోకాలనీ తిమ్మయ్య గారు నిర్ణయించారు. కారెక్కేటప్పుడు నాగలక్ష్మమ్మ కుడికాలు కుంటింది. ఎదురింటి ఆవిడ మెట్ల మీద నిలబడి అయ్యో అంది.

కర్నూలు క్లినిక్ హాలులో ముప్పైమంది దాకా ఉన్నారు. ఓబుళేశు టోపీ పెట్టుకుని, ముక్కు మీదికి మాస్కు లాక్కుని మూల కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలోనూ టోపీ, మాస్కు ఉన్నాయి. కాసేపటికి రెండు మాస్కులూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. అతను దావీదురాజు. కడపలో అదే వార్డు టిక్కెట్టు కోసం ప్రయత్నిస్తున్న కాంట్రాక్టరు.

"ఏమప్పా ఓబుళేశూ, ఈడెందుకుండావు?"

"మా ఆడమనిషికి మోకాలు నొప్పిలే. నువ్వు?"

"మాయమ్మకూ మోకాలేప్పా. శానా ఇబ్బంది పడతాండాది."

"ఏ మోకాలు?"

"ఎడమది."

ఇద్దరూ తృప్తిపడ్డారు. ఎదురుగా తలుపు మీద మానసిక వైద్యురాలు అని తాటికాయంత అక్షరాలు ఉన్నాయి. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే గనుక చదవలేదు. హాలులో మిగిలినవాళ్ళ మాటలు వింటే సగానికి పైగా కడప వైపు వాళ్ళేనని తేలింది. అందరివీ మోకాళ్ళే.

డాక్టరు ఏసుమణి గారికి అరవై దాటాయి. మగవాళ్ళను బయట కూర్చోమని చెప్పి, సాహితిని మాత్రం ఉండనిచ్చారు.

"ఏమ్మా, ఎందుకు మానుకోవాలనుకుంటున్నావు?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. నాగలక్ష్మమ్మ ఫ్రాకు సంగతి చెప్పింది. కిటికీలోంచి నవ్వినవాడి సంగతి, గంగాళం సంగతి చెప్పింది. డాక్టరు రాసుకుంటూ, ఎన్ని గంటలకు ఏ మాత్ర, పడిపోయిన రోజు ఏమైంది, ఇంట్లో ఇంకేం మందులున్నాయి, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, అన్నీ అడిగారు. తొందరపడలేదు.

"ఇది నయమవుతుంది. కానీ ఎనిమిది నెలలో, ఏడాదో పడుతుంది. మొదట్లో వారంవారం కనపడాలి. ఇంత దూరం ఎన్నాళ్ళు వస్తావు? నాలుగు వారాలు వచ్చి మానేస్తావు. నా దగ్గర చదువుకున్న నెహెమ్యా మీ ఊరి పెద్దాసుపత్రి ఓపీలోనే ఉన్నాడు. నాకంటే ఓపిక ఎక్కువ. ఇంటికి దగ్గరుండాలి, మానకుండా పోగలగాలి, ఇంట్లో నిజం తెలిసిన మనిషి ఒకరు తోడుండాలి. మంచి చోటంటే అదేనమ్మా."

"ఆడ అందరూ చూస్తారంట డాక్టరమ్మా."

"చూస్తారు. మొన్న నువ్వు పడిపోయినప్పుడు ఎవరు చూశారు?"

"నా మనవరాలు."

డాక్టరు నెహెమ్యాకు ఉత్తరం రాసి చేతికిచ్చారు.

తిరుగు ప్రయాణంలో ఆళ్ళగడ్డ దగ్గర టీ కోసం ఆగారు. పక్కనే కడపకు పోతున్న కర్నూలు వాళ్ళ కారు ఒకటి ఆగి ఉంది. అందులోంచి దిగిన పెద్దాయన ఓబుళేశును పలకరించి, "కడపలో మోకాళ్ళకు మంచి డాక్టరు ఉండాడంటనే, ఎవరికీ తెలియకుండా చూస్తాడంట, నిజమేనా?" అని వాకబు చేశాడు. ప్రతి వారం ఇన్ని మోకాళ్ళు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పోతుండగా ఆ రోడ్డును ఇంకా వెడల్పు చేయలేదంటే, అది పాలకుల నిర్లక్ష్యం అనక తప్పదు.

మంగళవారం పొద్దున నాగలక్ష్మమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఉత్తరం సంచిలో పెట్టుకుంది.

"ఆసుపత్రికి పోతాండా" అంది.

"కర్నూలుకు శుక్రవారం గదా?" అన్నాడు ఓబుళేశు.

"కర్నూలుకు గాదు. ఈడికే."

"పేర్లు పైకి పోయేది ఈ నెల్లోనే నాగలక్ష్మీ. రెండు నెలలు ఆగు. నీకు దండం పెడతా."

"నేను పదకొండేండ్లు మత్తులో ఉంటే ఆగినావు. డాక్టరమ్మ మూడుసార్లు అడిగితే ఆగినావు. ఇంక నేను ఆగల్యాను."

ఆమె గొంతు పెంచి మాట్లాడగలదని ఓబుళేశుకు ఆ రోజే తెలిసింది. ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. సాహితి కాలేజీకి సెలవు పెట్టింది. మెట్లు దిగేటప్పుడు నాగలక్ష్మమ్మ కుంటడం మరిచిపోయింది. ఎదురింటి ఆవిడ, "మోకాలు బాగైపాయనా అక్కా?" అంది. "మోకాలు ముందునుంచీ బాగానే ఉండాది" అని చెప్పి ఆమె ఆటో ఎక్కింది.

ఓపీ వరండాలో బల్లలు నిండి ఉన్నాయి. చీటీ రాయించుకుని కూర్చుంది. గంట తర్వాత అటెండరు తలుపు దగ్గర నిలబడి పిలిచాడు.

"నాగలక్ష్మమ్మా! భర్త పేరు ఓబుళేశు!"

నలభై తలలు ఆమె వైపు తిరిగాయి. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. లేచేసరికి ఆ నలభై తలలూ మళ్ళీ తలుపు వైపు తిరిగిపోయాయి. ఎవరి పేరు కోసం వాళ్ళు చూస్తున్నారు. ఇంతకాలం ఇంటిల్లిపాదీ భయపడిన ఘోరం మొత్తం అంతే. అరనిమిషం పట్టింది.

డాక్టరు నెహెమ్యా మందు మార్చి, లెక్కగా రాసిచ్చాడు. రెండు వారాలకొకసారి కొంచెం తగ్గించాలి. కష్టంగా ఉంటే అక్కడే ఆగాలి, తనకు తానుగా పెంచకూడదు, తనకు తానుగా మానకూడదు. మాత్రలు సాహితి దగ్గర ఉండాలి. స్తుతి అనే కౌన్సెలర్ పక్క గదిలో కూర్చోబెట్టి, గుండెదడ వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీయాలో, పగలు ఎందుకు పడుకోకూడదో నేర్పింది. సాహితి కంబన్న షాపుకు పోయి ఇక ఇవ్వవద్దని చెప్పింది. ఆయన నొచ్చుకుని, "ఆపదకు ఒక్క అట్టన్నా ఇంట్లో ఉంచుకోండమ్మా" అని మర్యాద చేశాడు.

ఆ వేసవి ఆమెకు నరకం. మందు తగ్గిన ప్రతిసారీ నాలుగైదు రోజులు ఒళ్ళంతా చలికి గడ్డకట్టినట్టుండేది. ఎందుకో తెలియని భయం. ఐదో నెలలో ఒక పెళ్ళికి పోయినచోట ఎవరినో అడిగి రెండు మాత్రలు వేసుకుంది. మంగళవారం స్తుతి ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. స్తుతి తిట్టలేదు. "చెప్పినావు గదా అక్కా, అదే శానా. పుస్తకంలో రాసుకో. వచ్చే వారం రా" అంది. వచ్చే వారం ఆమె వచ్చింది.

మందు తగ్గేకొద్దీ ఇంకొక చిక్కు బయలుదేరింది. పదకొండేళ్ళుగా లోపల పేరుకుపోయిన అభిప్రాయాలు ఒక్కొక్కటే బయటికి రాసాగాయి. ఎప్పుడో అమ్మేసిన పాత ఇంటి గురించి తనను ఎందుకు అడగలేదంది. తన పుట్టింటివాళ్ళు వస్తే ఓబుళేశు పేపరు అడ్డం పెట్టుకోవడం బాగాలేదంది. తిమ్మయ్య గారు వంటను మెచ్చుకుంటూ ఉపన్యాసం మొదలుపెడితే, "బావా, అన్నం చల్లారిపోతాండాది" అంది. కుటుంబం ఆందోళన చెందింది. తిమ్మయ్య గారు స్వయంగా ఓపీకి పోయి, డాక్టరు నెహెమ్యాను ఏకాంతంగా కలిశారు.

"అంతా మానిపించవల్లనా డాక్టర్? ఇంటి శాంతి కోసరం ఒక అర మాత్ర ఉంచేదానికి కాదా?"

"ఉంచొచ్చు సార్. ఆ అర మాత్ర ఎవరు వేసుకుంటారు?" అని డాక్టరు కలం తీశాడు.

తిమ్మయ్య గారు లేచి వచ్చేశారు.

పదకొండో నెలలో ఆఖరి పావు మాత్ర కూడా ఆగిపోయింది. ఈలోగా టిక్కెట్టు ఓబుళేశుకూ రాలేదు, దావీదురాజుకూ రాలేదు. నిన్నటిదాకా ఇంకో పార్టీలో ఉన్నాయనకు వచ్చింది. ఈ పరిణామంలో ఎవరి భార్యకూ, ఎవరి తల్లికీ, ఏ మోకాలికీ ఏ సంబంధమూ లేదని తెలిసి ఓబుళేశు కొన్నాళ్ళు దిగులుపడ్డాడు. తర్వాత ఒక మంగళవారం సాహితికి పరీక్షల పని ఉందంటే, తనే భార్యతో ఆటో ఎక్కాడు. టోపీ పెట్టుకోలేదు. వరండాలో ఆమె పక్కన కూర్చుని, "ఆ పొద్దు నేను చెప్పుండాల్సింది" అన్నాడు. ఆమె తల ఊపలేదు. "చెప్పుండాల్సింది" అని మాత్రం అంది.

ఊరు ఆమెను వెలివేస్తుందనుకున్నారు. ఊరు మధ్యాహ్నాల పూట ఒక్కొక్కరుగా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మొదట ఎదురింటి ఆవిడ వచ్చి, తన చెల్లెలికి ఇట్లాంటి ఇబ్బందే ఉందని, ఆ డాక్టరు ఎట్లాంటివాడని అడిగింది. ఆమెకు చెల్లెళ్ళు లేరు. తర్వాత దావీదురాజు భార్య వచ్చి అత్తగారి కోసం అడిగింది. ఇంకొకామె వదిన కోసం, ఇంకొకామె పాత పనిమనిషి కోసం. చివరికి తిమ్మయ్య గారు వచ్చారు. ఆయనకొక స్నేహితుడున్నాడట. వయసు డెబ్బై మూడు. సభలో మాట్లాడేముందు ఒకటి, మాట్లాడాక ఒకటి వేసుకోనిదే కాళ్ళు నిలవవట. ఎన్నేళ్ళ నుంచి అని నాగలక్ష్మమ్మ అడిగితే, ఆ స్నేహితుడు తల వంచుకుని, "ఇరవై" అన్నాడు.

ఈ కథ రాస్తున్నానని తెలిసి నాకు పరిచయమున్న పాఠకులు కూడా కొందరు ఆ ఓపీ వివరాలు అడిగారు. అందరూ ఇతరుల కోసమే అడిగారు. మన జిల్లాల్లో పరోపకార గుణం ఇంత మిగిలి ఉన్నందుకు సంతోషం. వారందరికీ తెలియజేయునది ఏమనగా, చీటీ రాసే కిటికీ దగ్గర స్నేహితుల పేర్లు, చెల్లెళ్ళ పేర్లు రాసుకోరు. ఎవరి పేరు వాళ్ళే చెప్పుకోవాలి. కొంచెం గట్టిగా చెప్పండి. అవతల కూర్చున్నాయనకు చెవుడు.